చలికాలమంతా గరాజులో పెట్టిన కారు: బ్యాటరీ కొత్తదే, డ్యాష్‌బోర్డు మాత్రం దీపావళి

మిషిగన్_శ్రీను | ఏప్రిల్ 18, రాత్రి 10:12

అందరికీ నమస్తే. మూడేళ్ళ కిందట ముచ్చటపడి ఒక పాత కన్వర్టిబుల్ కొన్నాను. 2011 మోడల్, రెండు తలుపులు, గుడ్డ టాపు. కంపెనీ పేరు ఎందుకులెండి, తప్పు బండిదో నాదో ఇంకా తేలలేదు. ఇక్కడ చలికాలం రోడ్లమీద ఉప్పు చల్లుతారు కాబట్టి ఏటా నవంబరు మొదటి వారంలో గరాజులో పెట్టేసి ఏప్రిల్లో తీస్తాను. మా ఆవిడ దాన్ని "వేసవి అల్లుడు" అంటుంది. ఆర్నెల్లు మేపాలి, పని చెప్పకూడదు.

ఈసారి తీసేసరికి బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయింది. మీటరు పెడితే 3.8 వోల్టులు. ఛార్జర్ తగిలిస్తే అక్కడ బ్యాటరీ ఉన్నట్టే అది గుర్తించలేదు. ఐదేళ్ళ బ్యాటరీ, పోతే పోనీ అని ఒక షాపువాళ్ళని ఇంటికి పిలిపించి కొత్తది వేయించాను. సెల్ఫ్ కొట్టగానే ఒక్క దెబ్బకి స్టార్టయింది. కథ అక్కడితో అయిపోవాలి. కాలేదు.

ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసేది), ట్రాక్షన్ (చక్రాలు జారకుండా చూసేది), ఎయిర్‌బ్యాగ్ లైట్లు మూడూ వెలిగి కూర్చున్నాయి. ఆగి ఉన్న బండిలో స్పీడు ముల్లు 40కి లేచి పడిపోతోంది. టాపు సగం తెరుచుకుని ఆగుతోంది. పక్క సీటు వైపు అద్దం పైదాకా రావడం లేదు. రేడియో కోడ్ అడుగుతోంది. విచిత్రం ఏమిటంటే పగలు కాస్త నయం, సాయంత్రం తీస్తే నరకం.

స్కానర్లో మూడు కోడ్‌లు వచ్చాయి: యు0121, యు0140, పి0562. షాపతను చూసి బాడీ కంట్రోల్ మాడ్యూల్ (బీసీఎం, అంటే లైట్లు, అద్దాలు లాంటివి నడిపే చిన్న కంప్యూటర్) పోయింది, ప్రోగ్రామింగుతో కలిపి 1,600 డాలర్లు అన్నాడు. బండి కొన్నదే 7,000కి.

ఇంకో సంగతి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిస్తే లోపల ఎలుక గూడు. పరుపులా దూది, దానిమీద గుప్పెడు ఓక్ కాయలు. వైర్లు కొరికిందేమో అని అనుమానం. ఎక్కణ్ణుంచి మొదలుపెట్టమంటారు?

టొరంటో_కిరణ్ | ఏప్రిల్ 18, రాత్రి 10:40

గూడు కనిపించాక ఇంకా అనుమానమేంటి బ్రో, వైరింగ్ కొరికేసింది. లేదా నిజంగానే బీసీఎం. నా పాత కారుకి అచ్చం ఇలాగే లైట్లన్నీ వెలిగితే మాడ్యూల్ మార్చాకే పోయాయి. ముందు బ్యాటరీ నెగెటివ్ తీసేసి పావుగంట ఆగి మళ్ళీ పెట్టి చూడు. రీసెట్ అయితే అయింది, లేకపోతే సెకండ్ హ్యాండ్ మాడ్యూల్ వెతుకు.

మల్కాజ్‌గిరి_మల్లేశ్ | ఏప్రిల్ 19, ఉదయం 9:05

అన్నా, మీకు చలి, మాకు పందికొక్కులు. 2020ల లాక్‌డౌన్ పడ్డప్పుడు మా అపార్ట్‌మెంట్ సెల్లార్ల బండి రెండు నెలలు కదల్లే. జూన్ల తీస్తే ఇంజిన్ లైటు, ఏసీ బంద్. బానెట్ లేపి చూస్తే వైర్లు ఎవరో కత్తెర వట్టి కోసినట్టు. అప్పట్నుంచి బానెట్ కింద పొగాకు కాడలు కట్టి పెడ్తున్న, వాసనకి అవి రావు అంటరు. వస్తున్నయో లేదో గానీ బండి ఎక్కితే మాకే తుమ్ములు.

నీ బండిల వైరు తెగినట్టు కండ్లకి కనవడ్డదా? గూడు ఉన్నంత మాత్రాన కొరికిందని కాదు. పందికొక్కు కొరికితే దాని ఎంటికలు, పెంటికలు, రాగితీగ ముక్కలు అన్నీ అక్కడ్నే ఉంటయి. టార్చి వట్టి చూడు.

ఎంబెడెడ్_స్వాతి | ఏప్రిల్ 19, ఉదయం 11:30

శ్రీను గారూ, మాడ్యూల్ కొనకండి. ఇప్పుడే కాదు, కనీసం ఈ వారం కొనకండి. నేను కార్ల కంట్రోలర్లకి సాఫ్ట్‌వేర్ రాసే పనిలో ఉన్నాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

యు తో మొదలయ్యే కోడ్ ఫలానా మాడ్యూల్ చెడిపోయిందని చెప్పదు. "నేను పిలిచాను, అతను పలకలేదు" అని పక్కవాడు రాసుకున్న ఫిర్యాదు అది. యు0121 అంటే ఏబీఎస్ పలకలేదు, యు0140 అంటే బాడీ కంట్రోల్ మాడ్యూల్ పలకలేదు. పలకనివాడు చచ్చిపోయి ఉండొచ్చు, నిద్రలో ఉండొచ్చు, కరెంటు చాలక తూలి పడి లేస్తూ ఉండొచ్చు. మీ మూడో కోడ్ పి0562 ఉంది చూశారా, సిస్టమ్ వోల్టేజీ తక్కువ అని. నన్నడిగితే మూడింటిలో నిజం చెప్పే సాక్షి అదొక్కటే.

ఎలుక అనుమానం తీరాలంటే ఒక చిన్న పరీక్ష. మాడ్యూళ్ళన్నీ మాట్లాడుకునేది క్యాన్ అనే రెండు తీగల మెలిక మీద. ఆ లైనుకి రెండు కొసల్లోనూ 120 ఓములు ఉంటాయి, రెండూ సమాంతరం కాబట్టి కలిపి 60. బ్యాటరీ నెగెటివ్ తీసేసి, స్టీరింగ్ కింద స్కానర్ పెట్టే కప్లర్లో 6, 14 పిన్నుల మధ్య మీటరుతో ఓములు చూడండి. 60 దరిదాపుల్లో వస్తే ఆ లైను కొసదాకా బాగున్నట్టే. 120 వస్తే ఎక్కడో తెగింది. సున్నా దగ్గరికి వస్తే రెండూ కలిసిపోయాయి.

కిరణ్, 15 నిమిషాలు బ్యాటరీ తీసి పెడితే కోడ్‌లు చెరిగిపోతాయంతే. ఒంట్లో జ్వరం అలాగే ఉంచి థర్మామీటరు దులిపినట్టు.

మిషిగన్_శ్రీను | ఏప్రిల్ 19, రాత్రి 8:50

స్వాతి గారూ, 61 వచ్చింది. మల్లేశ్ అన్నా, టార్చితో గంటసేపు వెతికా. తెగిన తీగ ఒక్కటీ కనిపించలేదు. పాపం అది కాపురానికి వచ్చింది గానీ కొరకడానికి రాలేదు. గూడు తీసేశా.

కిరణ్ మాట కూడా కాదనకుండా రీసెట్ చేశా. పది నిమిషాలు అంతా శుభ్రం. హెడ్‌లైట్లు వేయగానే మళ్ళీ మొత్తం వెలిగాయి.

ఆటోనగర్_బాబాయ్ | ఏప్రిల్ 20, ఉదయం 6:15

అబ్బాయ్ శ్రీనూ, నేను బెజవాడ ఆటోనగర్లో ముప్పై రెండేళ్ళు కార్ల వైరింగ్ పని చేసి మానేసినవాణ్ణి. మీ క్యాన్లూ మాడ్యూళ్ళూ నాకు పెద్దగా తెలియవు. ఆ స్వాతమ్మ చెప్పింది మాత్రం తలకెక్కింది. నేను రెండు ప్రశ్నలు అడుగుతా, జవాబు చెప్పు.

ఒకటి. హెడ్‌లైట్లు వేసి ఇండికేటర్ వెయ్యి. దాంతోపాటు ఇంకేదన్నా కూడా మిణుకు మిణుకుమంటోందా?

రెండు. పాత బ్యాటరీ తీసినప్పుడు దాని ఒళ్ళు ఎలా ఉంది?

మిషిగన్_శ్రీను | ఏప్రిల్ 20, రాత్రి 9:20

బాబాయ్ గారూ, మీకు దండం. ఎడమ ఇండికేటర్ వేస్తే స్పీడు ముల్లు దానికి తాళం వేస్తోంది. టిక్ అంటే లేస్తుంది, టక్ అంటే పడుతుంది. డ్యాష్‌బోర్డు వెలుతురు కూడా అదే లయలో తగ్గుతోంది. ఇన్నాళ్ళూ గమనించలేదు.

పాత బ్యాటరీ షాపువాళ్ళు పట్టుకెళ్ళారు గానీ నా ఫోన్లో ఫొటో ఉంది. ఒక పక్క ఉబ్బి ఉంది, మూల దగ్గర తడి మరక. అప్పుడు పట్టించుకోలేదు.

ఆటోనగర్_బాబాయ్ | ఏప్రిల్ 21, ఉదయం 5:50

అదీ సంగతి. ఎర్త్ పోయింది నాయనా, ఎర్త్. ఇండికేటర్ వేస్తే ఇంకోటి వెలిగిందీ అంటే కరెంటు వెనక్కి వెళ్ళే దారి మూసుకుపోయి పక్కింటి గుమ్మంలోంచి వెళ్తోందని. అంబాసిడర్ రోజుల్నుంచీ ఇదే జబ్బు, బండి ఖరీదు పెరిగింది గానీ జబ్బు మారలా.

సెల్ఫ్ బాగా తిరుగుతోంది కదా, ఎర్త్ ఎలా పోతుందని అడుగుతావు. బ్యాటరీ నెగెటివ్ నుంచి రెండు తీగలు వెళ్తాయి చూడు. లావుది ఇంజిన్‌కి, సన్నది బాడీకి. సెల్ఫ్ లావుదాని మీద బతుకుతుంది. లైట్లు, మీటరు, నీ మాడ్యూళ్ళు అన్నీ సన్నదాని మీద బతుకుతాయి. ఇంజిన్‌కీ బాడీకీ మధ్య ఇంకో అల్లిక పట్టీ కూడా ఉంటుంది, అదీ చూడు.

మీటరు వోల్టుల్లో పెట్టు. హెడ్‌లైట్లు, బ్లోయరు ఫుల్లు, వెనక అద్దం హీటరు అన్నీ వెయ్యి. నల్ల పిన్ను బ్యాటరీ నెగెటివ్ గుబ్బ మీద పెట్టు, క్లాంపు మీద కాదు, గుబ్బ మీదే. ఎర్ర పిన్ను రంగు లేని బాడీ ఇనుము మీద పెట్టు. 0.1కి మించి రాకూడదు. లోడు లేకుండా చూస్తే ఏ ఎర్తయినా బాగానే కనపడుద్ది, అందులోనే చాలామంది మోసపోయేది.

టొరంటో_కిరణ్ | ఏప్రిల్ 21, ఉదయం 8:10

మరి నా కారుకి మాడ్యూల్ మార్చగానే పోయింది కదా బాబాయ్?

ఆటోనగర్_బాబాయ్ | ఏప్రిల్ 21, మధ్యాహ్నం 1:00

మార్చేటప్పుడు కప్లర్లు పీకి మళ్ళీ పెట్టుంటాడు, ఎర్త్ బోల్టు ఊడదీసి బిగించుంటాడు. దేనివల్ల పోయిందో ఆ దేవుడికెరుక, బిల్లు మాత్రం మాడ్యూల్‌కి వేశాడు.

మిషిగన్_శ్రీను | ఏప్రిల్ 22, రాత్రి 10:35

1.9 వోల్టులు!

ఇంజిన్ ఆపి, మీరు చెప్పినట్టే అన్నీ వేసి చూశాను. సన్న కేబులు చేత్తో కాస్త కదిపితే 3 నుంచి 4 దాకా ఎగిరి పడుతోంది. అటు పాజిటివ్ గుబ్బకీ ఫ్యూజు బాక్సుకీ మధ్య కూడా చూశా, 0.08 మాత్రమే. ఆ వైపు తప్పు లేదు.

ఆ కేబులు బ్యాటరీ ట్రే కిందికి వెళ్తోంది. చీకటిపడింది, శనివారం ట్రే తీస్తా.

ఎంబెడెడ్_స్వాతి | ఏప్రిల్ 22, రాత్రి 11:20

ఇప్పుడు నా లెక్క కూడా కలిసింది. 1.9 వోల్టుల ఎర్త్ తేడా ఒక్కటే క్యాన్ లైనుని పడగొట్టదు. మాడ్యూల్ తన ఎర్త్ నుంచి చూస్తే ఆ తీగల మీద వోల్టేజీ మైనస్ 2 నుంచి ప్లస్ 7 దాకా జరిగినా తట్టుకునేలా ఆ ప్రమాణం రాశారు. అయితే ఆ కేబులు కదిలి 4 ఎగిరిన క్షణంలో మాడ్యూల్ చేతికి అందేది 8 చిల్లర. అప్పుడది ఠక్కున రీసెట్ అవుతుంది. లేచి కళ్ళు నులుముకునేలోపు మిగతావాళ్ళందరూ "పలకలేదు" అని కోడ్ రాసేసుకుంటారు. టాపు సగంలో ఆగడమూ అందుకే, దాని పంపు మోటారు లాగే కరెంటు తక్కువేమీ కాదు. సాయంత్రం నరకం అన్నారు కదా, అది హెడ్‌లైట్ల లోడు.

ఇక బ్యాటరీ ఎందుకు ఉబ్బిందో చెప్పనా? పూర్తి ఛార్జిలో ఉన్న బ్యాటరీ ఆసిడ్ మైనస్ 60 డిగ్రీల దాకా గడ్డకట్టదు. ఖాళీ బ్యాటరీలో ఉండేది దాదాపు నీళ్ళే, మైనస్ 7కే గడ్డకడుతుంది. మీ ఊళ్ళో జనవరి రాత్రికి మైనస్ 7 అంటే వెచ్చగా ఉన్నట్టు! లోపల గడ్డకట్టి, డబ్బా పగిలి, కరిగాక ఆసిడ్ కారి ఉంటుంది. అలాంటి ఉబ్బిన బ్యాటరీకి ఛార్జర్ పెట్టారు చూడండి, అది గుర్తించకపోవడమే మంచిదైంది. గడ్డకట్టిన బ్యాటరీకి ఛార్జి ఎక్కిస్తే పేలగలదు.

అసలు అది ఖాళీ ఎందుకైంది అన్నది ఇంకా మిగిలింది. స్కానర్ కప్లర్లో ఏమైనా వదిలేశారా?

మిషిగన్_శ్రీను | ఏప్రిల్ 23, ఉదయం 7:05

బ్లూటూత్ డాంగిల్. ఫోన్లో మైలేజీ చూసుకోవడానికి పెట్టింది. చలికాలమంతా అందులోనే ఉంది. తిట్టండి.

సంక్రాంతి_ప్రయాణం | ఏప్రిల్ 23, ఉదయం 10:15

మధ్యలో దూరినందుకు మన్నించండి. ఏటా డిసెంబరు, జనవరి రెండు నెలలు రాజమండ్రి వెళ్తాం, కారు ఇక్కడ ఆరుబయట పార్కింగులో ఉంటుంది. కరెంటు ప్లగ్ లేదు, ఛార్జర్ పెట్టలేను. నెగెటివ్ తీసేసి వెళ్తే చాలా?

ఎంబెడెడ్_స్వాతి | ఏప్రిల్ 23, సాయంత్రం 6:40

ఫుల్ ఛార్జి చేసి, నెగెటివ్ తీసి వెళ్ళండి. వెళ్ళేముందు రెండు చూసుకోండి. రేడియోకి కోడ్ ఉంటే అది చేతిలో ఉండాలి. బ్యాటరీ డిక్కీలో ఉండే కారైతే, డిక్కీ కరెంటుతో తెరుచుకునేదైతే, తాళంచెవి పెట్టే బెజ్జం ఎక్కడుందో ముందే వెతికి పెట్టుకోండి. నెగెటివ్ తీసి డిక్కీ మూసేశాక గుర్తొచ్చినవాళ్ళు మా ఆఫీసులోనే ఇద్దరున్నారు. ఇద్దరూ ఇంజనీర్లే.

మల్కాజ్‌గిరి_మల్లేశ్ | ఏప్రిల్ 23, రాత్రి 9:00

అక్కా, బ్యాటరీ ఎంత లీకైతుందో చూస్తందుకు మీటరు లైన్ల వెట్టి నేను ఓసారి డోర్ తెరిచిన. లోపల లైట్లు, పంపు అన్నీ ఒక్కసారి లేచినయి, మీటర్ ఫ్యూజు ఠప్. ఇంకోటి తెచ్చి వెట్టి మళ్ళ అలవాటుల సెల్ఫ్ కొట్టిన. ఈసారి ఫ్యూజు కాదు, మీటరే పోయింది. శ్రీనన్నా, నువ్వు గట్ల చెయ్యకు.

మిషిగన్_శ్రీను | ఏప్రిల్ 25, రాత్రి 7:45

శనివారం నివేదిక. కొంచెం పెద్దది, ఓపిక పట్టండి.

కొత్త బ్యాటరీ తీసి ట్రే నాలుగు బోల్టులు విప్పా. షాపువాళ్ళు ట్రే తుడవకుండానే కొత్తది పెట్టేశారు, అడుగున తెల్లటి పొడి ఇంకా అలాగే ఉంది. ట్రే కింద బాడీ ఇనుము మీద అరచేయంత మేర రంగు లేచిపోయి పొలుసులు. ఆ పొలుసుల మధ్యలో ఎర్త్ బోల్టు. కేబులు చివర రాగి లగ్గు (బోల్టు కింద బిగించే కొస) ఉండాల్సిన చోట పచ్చటి ముద్ద, పాత గుడి గంట మీద చిలుంలాగా. స్పానర్ పెట్టి ఇంకా తిప్పనేలేదు, లగ్గు రెండు ముక్కలై చేతికొచ్చింది. అంటే ఇన్నాళ్ళూ నా మాడ్యూళ్ళన్నీ ఆ పచ్చ పొడి మీద బతికాయి.

ఇంజిన్‌కీ బాడీకీ మధ్య పట్టీ కూడా చూశా బాబాయ్. అల్లికలో సగానికి పైగా పోగులు తెగిపోయి ఉన్నాయి.

కళ్ళద్దాలు, గ్లౌజులు వేసుకుని వంటసోడా నీళ్ళు పోశా. బుస్సుమని పొంగింది. పొంగడం ఆగేదాకా పోసి, మంచినీళ్ళతో కడిగి, ఆరబెట్టి, ఇనుము తెల్లగా మెరిసేదాకా ఎమ్రీ పేపర్ పట్టించా. కొత్త కేబులు, కొత్త పట్టీ కలిపి 31 డాలర్లు. బోల్టు బిగించాక పైన రంగు వేసి, టెర్మినళ్ళకి వాసెలిన్ రాశా.

మళ్ళీ అదే పరీక్ష, అన్ని లోడ్‌లూ వేసి: 0.04.

కోడ్‌లు చెరిపి గంటసేపు తిప్పా, హెడ్‌లైట్లు వేసి, వైపర్లు కూడా ఊరికే వేసి. ఒక్క లైటు వెలగలేదు. టాపు రెండుసార్లు తెరిచి మూశా. పక్క సీటు అద్దం మాత్రం ఇంకా మొండికేస్తోంది, రేడియో ఇంకా కోడ్ అడుగుతోంది.

డాంగిల్ లెక్క కూడా తీశా. మల్లేశ్ అన్నని తలుచుకుని, తలుపు గొళ్ళెం ముందే స్క్రూడ్రైవర్‌తో నొక్కి బండికి తలుపు మూసినట్టు భ్రమ కల్పించా. 40 నిమిషాలు ఆగాక చూస్తే డాంగిల్ ఉంటే 190 మిల్లీ ఆంపియర్లు, తీసేస్తే 24.

ఎంబెడెడ్_స్వాతి | ఏప్రిల్ 25, రాత్రి 8:30

190 అంటే డాంగిల్ ఒక్కటే తాగింది కాదు. అది మాటిమాటికీ లైనుమీద పిలుస్తూ మిగతావాళ్ళని కూడా నిద్రపోనివ్వలేదు. రోజుకి నాలుగున్నర ఆంపియర్ అవర్లు. కొత్త 60 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అయినా 13 రోజులు. మీ ఐదేళ్ళది నవంబరు చివర్లో థాంక్స్‌గివింగ్ పండగ రాకముందే ఖాళీ, మిగతా చలికాలమంతా గడ్డకట్టి కరగడమే పని. డాంగిల్ లేని 24 కూడా ఐదు నెలలకి ఎక్కువే, 100 రోజుల్లో అదే బ్యాటరీ అయిపోతుంది. ఈ నవంబరులో ఛార్జర్ తగిలించే ఉంచండి, మైంటైనర్ రకంది, అంటే నిండాక తనే తగ్గి బ్యాటరీని నిండుగా ఉంచేది.

అద్దం చెడిపోలేదు. బ్యాటరీ తీసినప్పుడల్లా అది తన పై హద్దు మర్చిపోతుంది. ఇంజిన్ ఆన్‌లో ఉంచి, స్విచ్ కిందికి నొక్కి అద్దం పూర్తిగా దించండి, మళ్ళీ పైకి లాగి, ఆగాక కూడా ఐదారు సెకన్లు వదలకుండా పట్టుకోండి. కొన్ని బండ్లలో కొంచెం తేడాగా ఉంటుంది, మాన్యువల్లో చూడండి.

టొరంటో_కిరణ్ | ఏప్రిల్ 25, రాత్రి 9:10

ఒప్పుకున్నా. కానీ కప్లర్ పిన్నులన్నిటికీ డైఎలెక్ట్రిక్ గ్రీజు దట్టించేస్తే వచ్చే ఏడాది ఈ గొడవే ఉండదు కదా?

ఎంబెడెడ్_స్వాతి | ఏప్రిల్ 25, రాత్రి 9:25

ఆ గ్రీజు కరెంటుని ఆపేది, మోసేది కాదు. కప్లర్ చుట్టూ ఉన్న రబ్బరు సీలుకి పల్చగా రాయి, నీళ్ళు పోకుండా. పిన్నులకి కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ఆరనిస్తే చాలు. దట్టించకు బాబూ.

ఆటోనగర్_బాబాయ్ | ఏప్రిల్ 26, ఉదయం 5:40

31 డాలర్లు. ఆ షాపతనికి ఫోన్ చేసి ఏం పోయిందో చెప్పావా? చెప్పు. తిట్టొద్దు, చెప్పు. ట్రే తుడవని కుర్రాడికి రేపు ఇంకో బండి వస్తది.

ఇంకో పది రోజులాగి ఆ బోల్టు మళ్ళీ ఒకసారి బిగించు. కొత్త లగ్గు కాస్త సర్దుకుంటది.

మిషిగన్_శ్రీను | ఏప్రిల్ 26, రాత్రి 8:15

అద్దం పైదాకా వచ్చేసింది. రేడియో కోడ్ కార్డు గ్లోవ్ బాక్సులో, పాత యజమాని సర్వీసు పుస్తకం అట్ట వెనక అంటించి ఉంది. షాపతనికి ఫోన్ చేశాను బాబాయ్, "ఓహో" అన్నాడు, అంతే.

ఇప్పుడే మా ఆవిణ్ణి ఎక్కించుకుని టాపు తీసి ఒక రౌండు వేశాం. ఇండికేటర్ వేస్తే ఇండికేటరే వెలుగుతోంది. చలి ఇంకా తగ్గలేదు, ఇద్దరం మఫ్లర్లు చుట్టుకుని కూర్చున్నాం. పక్క లేన్లో వెళ్ళేవాడు మమ్మల్ని చూసి తల అడ్డంగా ఊపాడు.

మల్కాజ్‌గిరి_మల్లేశ్ | ఏప్రిల్ 27, ఉదయం 8:20

గూడు కట్టిన ఎలుక ఏమాయె?

మిషిగన్_శ్రీను | ఏప్రిల్ 27, ఉదయం 8:45

గరాజులోనే ఉంది అన్నా. ఓక్ కాయలు తీసుకెళ్ళి బయట చెట్టు కింద పెట్టాను, రాత్రికి మాయమయ్యాయి. ఫిల్టర్ డబ్బా గొట్టం మూతికి ఇనప జాలీ కొన్నాను, రేపు బిగిస్తా.